అమ్మ వెళ్లని లైబ్రరీ

నాకు తొమ్మిదో ఏడు నిండేసరికి మా ఊరి లైబ్రరీలో ఏ బీరువాలో ఏ పుస్తకం ఉందో కళ్లు మూసుకుని చెప్పగలిగేదాన్ని. ఇందులో నా గొప్పేం లేదు. రెండ్రోజులకోసారి అమ్మ నా చేతికి ఓ గుడ్డసంచీ ఇచ్చేది. అందులో చదివేసిన పుస్తకం, పుస్తకంలో నాలుగు మడతలు పెట్టిన చీటీ. చీటీలో మూడు నాలుగు నవలల పేర్లుండేవి. మొదటిది లేకపోతే రెండోది, అదీ లేకపోతే మూడోది. ఏదీ దొరక్కపోతే "మాస్టారు మంచిదని చెప్పింది తెచ్చెయ్, డిటెక్టివ్ మాత్రం వద్దను" అని గుమ్మం దాకా వచ్చి చెప్పేది.

ఇది 1975 నాటి మాట. లైబ్రేరియన్ గారిని ఊళ్లో అందరం మాస్టారనే పిలిచేవాళ్లం. ఆయన చీటీ చదివి, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, "మీ అమ్మగారు ఇది పోయిన సంక్రాంతికి చదివారే" అని చెప్పగలిగేవారు. అమ్మ మొహం ఆయన ఎప్పుడూ చూడలేదు. ఆమె ఏం చదివిందో, ఏది సగంలో వదిలేసిందో, దేన్ని రెండోసారి తెప్పించుకుందో అన్నీ ఆయనకు తెలుసు. కార్డు మా నాన్న పేరు మీద ఉండేది. నాన్న దినపత్రిక తప్ప మరోటి చదివిన పాపాన పోలేదు. రిజిస్టరు ప్రకారం మాత్రం మా ఊళ్లో ఆడవాళ్ల నవలలు అందరికన్నా ఎక్కువ చదివిన మనిషి ఆయనే!

లైబ్రరీ మా ఇంటికి నాలుగు వీధుల అవతల. అమ్మ గుడికి వెళ్లేది, చీరల కొట్టుకి వెళ్లేది, మ్యాట్నీ సినిమాకి పక్కింటి పిన్నిగారితో కలిసి వెళ్లేది. లైబ్రరీకి మాత్రం వెళ్లలేదు. ఎవరూ వద్దనలేదు. "అక్కడంతా మగాళ్లే కూర్చుంటారే" అనేది. నిజమే. రీడింగ్ రూములో పొడుగాటి బల్లలు, ఒకే పేపరును పేజీలు విడదీసి పంచుకు చదివే పెద్దవాళ్లు, గుమ్మం దగ్గర చుట్ట వాసన. గోడ మీద "స్త్రీలకు" అని నల్లరంగుతో రాసి, దాని కింద ఓ చిన్న బల్ల వేసి ఉండేది. ఆ బల్ల మీద మాస్టారి టిఫిన్ క్యారియరు, బైండింగుకు వెళ్లాల్సిన పుస్తకాల దొంతర ఉండేవి. దాని ముందు ఓ ఆడమనిషి కూర్చోగా నేను చూడనే లేదు.

విచిత్రం ఏమిటంటే ఆ రోజుల్లో లైబ్రరీని బతికించింది ఆ బల్ల దగ్గర కూర్చోని వాళ్లే. అది నవలలు ఓ ఊపు ఊపిన కాలం. యద్దనపూడి సులోచనారాణి, మాదిరెడ్డి సులోచన, కోడూరి కౌసల్యాదేవి, రంగనాయకమ్మ, ద్వివేదుల విశాలాక్షి, వాసిరెడ్డి సీతాదేవి... రాసేవాళ్లూ ఆడవాళ్లే, చదివేవాళ్లూ ఆడవాళ్లే. కొందరు మగ రచయితలు ఆడపేర్లు పెట్టుకుని మరీ రాశారంటే ఆ గిరాకీ ఎలాంటిదో ఊహించుకోండి. కొత్త నవల వచ్చిందంటే దాని కోసం మాస్టారి దగ్గర వరసగా పేర్లు రాయించేవాళ్లు. వరసలో నిలబడేది మాత్రం మేం, పిల్లలం. చేతుల్లో సంచులు, సంచుల్లో చీటీలు.

"నవలలు చదివి ఆడవాళ్లు చెడిపోతున్నారు" అన్న మాట నేను కనీసం వందసార్లు విని ఉంటాను. ఆ మాట అన్నవాళ్లలో కొందరు అమ్మ చదివేసిన పుస్తకాన్ని అరుగు మీద కూర్చుని తిరగేసినవాళ్లే. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఒకసారి అమ్మ చదువుతూ చదువుతూ పప్పు మాడ్చేసింది. ఆ మాడు వాసన మా ఇంట్లో పదేళ్లపాటు వచ్చింది, అంటే ఎవరో ఒకరు గుర్తుచేస్తూనే ఉన్నారని! మా బాబాయి రోజూ పేపరు చదువుతూ కాఫీ ఒలకబోసుకునేవాడు. ఆ సంగతి ఎవరికీ గుర్తులేదు.

లైబ్రరీ ఒక్కటే అయితే ఆమె ఆకలి తీరేది కాదు. బస్టాండు పక్కన అద్దె నవలల కొట్టు ఒకటుండేది. రోజుకు పావలా. అందుకని అక్కడ తెచ్చింది ఒక్క రాత్రిలో అయిపోవాల్సిందే. ఇక వారపత్రికల్లో సీరియళ్లయితే, వారం వారం ఆ పేజీలు జాగ్రత్తగా చింపి, వరస తప్పకుండా పేర్చి, దబ్బనంతో కుట్టి, పాత క్యాలెండరు అట్ట వేసేది. ఆ కుట్లన్నీ ఇప్పటికీ మా ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉన్నాయి. సీరియల్ పేజీ వెనకవైపు సగం వంటకం, సగం జోస్యం కనబడతాయి. ఇంగ్లీషు రాని మా అమ్మకు ఇంగ్లీషు నవలల కథలు తెలిశాయంటే అది మాలతీ చందూర్ గారి చలవ. స్వాతిలో ఆవిడ 'పాత కెరటాలు' శీర్షికన విదేశీ నవలల్ని పరిచయం చేసేవారు కదా, అవి చదివి అమ్మ వాటిలోని మనుషుల గురించి మన చుట్టాల్లాగే మాట్లాడేది.

అద్దె కొట్టు పుస్తకాలతో ఓ చిక్కు ఉండేది. చేతులు మారీ మారీ చివరి పేజీలు రాలిపోయేవి. అలా ఒక నవల అమ్మను నిలువునా మోసం చేసింది. ఆఖరి ఏడెనిమిది పేజీలు లేవు. కథానాయిక ఇల్లు విడిచి రైల్వే స్టేషను దాకా వచ్చి నిలబడింది, రైలు కూత వినబడింది, అంతే! కొట్టువాడిని అడిగితే "ఇంకో కాపీ లేదమ్మాయ్" అన్నాడు. మాస్టారి దగ్గరా లేదు. అమ్మ రెండ్రోజులు అన్నం సయించనట్టే తిరిగింది. మూడో రోజు మధ్యాహ్నం పిన్నిగారు వచ్చి "చివరికేమయిందండీ వదినగారూ" అని అడిగితే, అమ్మ ఏమాత్రం తడబడకుండా కథ పూర్తిచేసి చెప్పింది. ఆ అమ్మాయి రైలెక్కింది. ఎవరి దగ్గరికీ వెళ్లలేదు. వేరే ఊళ్లో టీచరు ఉద్యోగంలో చేరింది. నేను అక్కడే కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నాను. పుస్తకంలో లేని ముగింపు అమ్మకెలా తెలిసిందా అని ఆశ్చర్యపోయాను.

పెళ్లయి నా సంసారం నాకు వచ్చాకగానీ ఇంకో సంగతి అర్థం కాలేదు. అమ్మ లైబ్రరీకి వెళ్లకపోవడానికి మగాళ్లు కూర్చోవడం ఒక్కటే కారణం కాదు. వేళలు! మా ఊరి లైబ్రరీ పొద్దున ఎనిమిది నుంచి పదకొండు, సాయంత్రం నాలుగు నుంచి ఏడు. శుక్రవారం సెలవు. చాలా శాఖా గ్రంథాలయాలకు ఇదే పద్ధతి. ఎప్పుడైనా ఆలోచించారా? పొద్దున ఎనిమిదికి మనం ఎక్కడుంటాం? పిల్లల క్యారియర్లు, ఆయన టిఫిను, పనిమనిషి, కుళాయి నీళ్లు. సాయంత్రం నాలుగింటికి? పిల్లలు బడి నుంచి వస్తారు, పాలు, కాఫీలు, దీపం, రాత్రి వంట. ఇంటి ఆడదానికి రోజు మొత్తం మీద తనదంటూ మిగిలేది పన్నెండు, నాలుగు మధ్యే. సరిగ్గా ఆ వేళకే లైబ్రరీ తలుపుకి తాళం. వేళలు పెట్టినవాళ్లకు ఆడవాళ్ల మీద కక్షేమీ ఉండదు. ఆఫీసుకు ముందూ, ఆఫీసు తర్వాతా అని లెక్క వేసి ఉంటారు. ఎవరి ఆఫీసో అన్నదే అడగలేదు.

ఓసారి మేం ఇరవై మందిమి సంతకాలు పెట్టి అర్జీ ఇచ్చాం. ఇది 1998లో. వారంలో రెండు రోజులు మధ్యాహ్నం తెరవండి మహాప్రభో అని అడిగాం. పైనుంచి వచ్చిన జవాబు 'నిబంధనలు అనుమతించవు' అని. అప్పుడున్న లైబ్రేరియన్ మంచి మనిషి. "అమ్మా, నేనెలాగూ రికార్డు రాసుకోవడానికి కూర్చుంటాను, బుధవారం ఒంటిగంట దాకా తలుపు దగ్గరికేసి ఉంచుతాను, తోసుకుని రండి" అన్నారు. నాలుగు నెలలు అలాగే నడిచింది. ఆ నాలుగు నెలల్లో "స్త్రీలకు" బల్ల చాలక కింద చాప వేశాం. తర్వాత ఆయనకు బదిలీ అయింది. వచ్చినాయనకు రెండు ఊళ్ల లైబ్రరీల బాధ్యత, ఆయన్ని మాత్రం ఏమని అడుగుతాం? బుధవారం మళ్లీ మామూలు బుధవారం అయిపోయింది.

పుస్తకాన్ని మనిషి దగ్గరికి చేర్చాలన్న పట్టుదల మన వాళ్లకు లేకా? మనకున్నంత ఎవరికి ఉంది! నిజాం ఏలుబడిలో తెలుగుకు ఆదరణ లేని రోజుల్లో, 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పెట్టారు. 1911లో బెజవాడలో రామమోహన గ్రంథాలయం మొదలైంది. 1914 ఏప్రిల్ 10న అదే బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి అధ్యక్షతన ఆంధ్రదేశంలోని గ్రంథాలయాల వాళ్లంతా సభ చేసుకుని సంఘం పెట్టుకున్నారు. దాని వెనక ఉన్న అయ్యంకి వెంకట రమణయ్య గారు 1979లో కన్నుమూసేదాకా ఆ పనే చేశారు. వీటన్నిటిలో నా మనసుకు దగ్గరగా వచ్చేది మాత్రం పడవ లైబ్రరీ. గుంటూరు జిల్లాలో పాతూరి నాగభూషణం గారు 1935లో కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద నడిపించారు. రోడ్లు సరిగా లేని రోజులు, జనం పడవల్లోనే ప్రయాణం చేసేవాళ్లు. ఎటూ గంటల తరబడి కూర్చోవాలి కదా, ఆ కూర్చునే చోటికే పుస్తకాన్ని పంపించారు.

మా అమ్మమ్మది ఆ కాలువ గట్టు ఊరే. ఆవిడ చిన్నతనంలో రేవులో బట్టలుతుకుతుంటే పడవలో ఎవరో పుస్తకం పైకి చదవడం వినబడేదట. పడవ దగ్గరయ్యేకొద్దీ మాటలు తెలిసేవి, దాటిపోయాక తెలిసేవి కావు. "సగం కథలే విన్నానే నేను" అని నవ్వేది. ఆవిడకు చదువు రాదు. అమ్మకు ఐదో తరగతి. నేను డిగ్రీ. ఈ సగం కథల జబ్బు మాత్రం మా వంశంలో ఆడవాళ్లందరికీ ఉన్నట్టుంది.

చీరాల దగ్గర వేటపాలెంలో సారస్వత నికేతనం ఉంది. 1918లో మొదలైన లైబ్రరీ. 1929లో భవనానికి శంకుస్థాపన చేసింది గాంధీజీ. ఆయన చేతికర్ర అక్కడ ఇప్పటికీ దాచి ఉంచారు. నేను వెళ్లినప్పుడు నన్ను ఎక్కువ కదిలించింది చేతికర్ర కాదు, పాత పత్రికల కట్టలు. కాగితం ఎంత పెళుసుగా ఉందంటే పేజీ తిప్పాలంటే ఊపిరి బిగబట్టాలి. మన ఆడవాళ్ల కోసం పత్రికలు ఈనాటివి కావు. వీరేశలింగం గారి 'సతీహితబోధిని' 1883లో వచ్చింది, 'హిందూ సుందరి' 1902లో, కేసరి గారి 'గృహలక్ష్మి' 1928లో. చదివినవాళ్లు చదివి వంటింట్లో పొట్లాలు కట్టుకుని ఉంటారు. ఇవాళ వాటిల్లో ఏ నాలుగు సంచికలు మిగిలినా ఎవరో ఒక లైబ్రేరియన్ కట్టకట్టి, తేదీ రాసి, చెదపురుగు చేరకుండా చూసుకోబట్టే.

ఇప్పుడు ఫోన్లోనే అన్నీ చదువుకోవచ్చు కదా అంటుంది మా కోడలు. చదువుకోవచ్చు. నేనూ చదువుతాను. స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టిన పాత తెలుగు పుస్తకాలు వేలల్లో ఉన్నాయి. అర్ధరాత్రి నిద్రపట్టకపోతే ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో వెతుక్కుంటాను. అక్కడ పన్నెండూ నాలుగూ అని తాళం లేదు, అది నిజంగా మేలే. కాకపోతే ఫోన్లో నేనేం అడిగితే అదే వస్తుంది. లైబ్రరీలో నేను అడగనిది తగులుతుంది. ఒక పుస్తకం కోసం చెయ్యి చాస్తే పక్కది మీద పడుతుంది. నేను కొనగోరు మార్కు పెట్టిన చోటే ఇంకెవరో పెన్సిలు గీత గీసి ఉంటారు. ఆ మనిషెవరో నాకు తెలియదు, అయినా ఆ వాక్యం దగ్గర ఇద్దరం ఆగాం.

అన్నట్టు మీ ఇంటిపన్ను రసీదు ఒకసారి తీసి చూడండి. అందులో గ్రంథాలయ పన్ను అని ఓ వరస ఉంటుంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం వసూలు చేసేది, ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు. లైబ్రరీ ముఖం చూసినా చూడకపోయినా మనందరం కడుతూనే ఉన్నాం. కొత్తిమీర కట్ట దగ్గర రెండ్రూపాయలకు బేరమాడతామే, ఈ పైకం దేనికి పోతోందో, మన వీధి చివరి లైబ్రరీకి ఈ ఏడు కొత్త పుస్తకాలు ఎన్ని వచ్చాయో ఒక్కరమైనా అడిగామా? వసూలైన సొమ్ము గ్రంథాలయ సంస్థలకు సకాలంలో జమకావడం లేదన్న ఫిర్యాదు ఏళ్ల తరబడి వింటున్నదే. అడిగేవాళ్లుంటే కదా జమయ్యేది. వేళల సంగతీ అంతే. మేం అడిగింది ఒక్కసారే, ఇరవై మందిమే. మళ్లీ అడిగి ఉండాల్సింది. ఆ తప్పు మాదే.

2016లో అమ్మ కంటి ఆపరేషనుకని నా దగ్గరికి వచ్చింది. అప్పటికి ఆమెకు డెబ్బై రెండేళ్లు. నాన్న పోయి రెండేళ్లు. పొర తీసేశాక లోకమంతా కొత్తగా ఉందని గోడ క్యాలెండరు దగ్గర్నుంచి మందుసీసా దాకా కనబడ్డదల్లా చదవడం మొదలుపెట్టింది. ఇంట్లో ఉన్నవన్నీ అయిపోయాయి. ఒక మధ్యాహ్నం, "పద, ఇవాళ నీతో నువ్వే తెచ్చుకుందువుగాని" అని ఆటో ఎక్కించి జిల్లా కేంద్ర గ్రంథాలయానికి తీసుకెళ్లాను. అది పొద్దున్నుంచి రాత్రి దాకా తెరిచే ఉంటుంది.

గుమ్మంలోనే ఆగిపోయింది. మెట్ల మీద, చెట్ల కింద, లోపల బల్లల దగ్గర ఎక్కడ చూసినా పిల్లలు. గ్రూప్స్ అనీ, డీఎస్సీ అనీ పరీక్షలకు చదువుకునేవాళ్లు. సగం మంది ఆడపిల్లలే. పక్కన లంచ్ బాక్సు, నీళ్ల సీసా, ఒళ్లో పుస్తకం. ఒకమ్మాయి చున్నీ తలకు చుట్టుకుని చెవులు మూసుకుని వల్లె వేస్తోంది. "లైబ్రరీ అంటే పోటీపరీక్షల హాస్టలైపోయింది, సాహిత్యం చదివేవాడే లేడు" అని పెద్దలు వాపోవడం నేనూ విన్నాను, నేనూ అన్నాను. అమ్మ మాత్రం కళ్లార్పకుండా చూసి, "ఇంతమంది ఆడపిల్లలే! ఎవరూ ఏమీ అనరూ?" అంది. ఆ తర్వాత నేను ఆ వాపోవడం మానేశాను.

పుస్తకాల గది లోపలికి వెళ్లాక బీరువాల మధ్య ఎటు నడవాలో ఆమెకు తెలియలేదు. యాభై ఏళ్లు చీటీలు రాసిన మనిషికి పుస్తకాన్ని తనంతట తాను తీసుకోవచ్చని తోచలేదు. "ముట్టుకోవచ్చా?" అని అడిగింది. వెన్నుల మీద అంటించిన చీటీలు చూసి, "894.827 ఏంటే, ఇదేనా ధర?" అంది. అది తెలుగు సాహిత్యానికి డ్యూయీ పద్ధతిలో ఇచ్చిన అంకె అనీ, వంటల పుస్తకాలు 641లో ఉంటాయనీ అక్కడి అమ్మాయి చెప్పింది. అవును, ఆ రోజు డ్యూటీలో ఉన్న లైబ్రేరియన్ ఓ అమ్మాయి. "641 నాకొద్దులేమ్మా" అంది అమ్మ.

ముప్పావు గంట తిరిగింది. నేను కుర్చీలో కూర్చుని చూస్తున్నాను. ఒక్కో పుస్తకం తీస్తుంది, అట్ట తడుముతుంది, మొదటి పేజీ చదువుతుంది, మళ్లీ అక్కడే పెడుతుంది. అంతలో ఉన్నట్టుండి "ఒసేయ్" అని కేక పెట్టింది. బల్లల దగ్గర పిల్లలంతా తలెత్తి చూశారు. చేతిలో, అదే నవల. అద్దె కొట్టులో చివరి పేజీలు రాలిపోయినది. నిలబడ్డచోటే వెనక నుంచి తిప్పింది. పేజీలన్నీ ఉన్నాయి. చదవబోయి ఆగింది. "ఇక్కడ వద్దు, ఇంటికెళ్లి మొదట్నుంచీ చదువుతా" అని గుండెలకు హత్తుకుంది.

సభ్యత్వం ఫారం నింపేటప్పుడు, "పేరు ఎవరిది రాయమంటారండీ?" అని ఆ అమ్మాయి నన్ను చూసింది. నేను అమ్మని చూశాను. అమ్మ పెన్ను అడిగి తీసుకుని తనే రాసింది. ఇంటిపేరు దగ్గర ఒక్క క్షణం ఆలోచించింది. ధరావతు డబ్బులు నన్ను ఇవ్వనివ్వలేదు. కొంగున ముడి విప్పి ఇచ్చింది.

నాలుగు రోజులు పట్టింది చదవడానికి. ఈ వయసులో రాత్రి తెల్లార్లూ చదవడం కుదరదు కదా. ఐదో రోజు పొద్దున్నే కాఫీ తాగుతూ పుస్తకం నా ముందు పెట్టింది. "ఏమయిందమ్మా చివరికి? రైలెక్కిందా?" అని అడిగాను.

"ఎక్కలేదు. ఆ మొగుడు స్టేషనుకొచ్చి ఏడిస్తే వెనక్కెళ్లిపోయింది" అంది. కాసేపు ఊరుకుని, "నేను చెప్పిందే బాగుంది" అంది.

నేను నవ్వుతుంటే, ట్రంకుపెట్టె కాలం నాటి అలవాటు ఎక్కడికి పోతుంది, క్యాలెండరు కాగితం చింపి చీటీ రాయడం మొదలుపెట్టింది. రెండు పేర్లు రాసింది. మూడోది రాయబోతూ ఆగి, కాగితం ఉండ చుట్టి పక్కన పడేసింది.

"ఇవాళ శుక్రవారం కాదు కదా? ఉండు, చీర మార్చుకుని వస్తా."